కామిక్ బుక్కులో మన నాయకుడు: మీసం ఉంచాలా, తీసేయాలా?

గీతల గిరి | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ రాయక తప్పడం లేదు.

పగలు మాదాపూర్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో ఎక్కడివో పిల్లల కోసం ఎలుగుబంట్లు గీస్తుంటాను. రాత్రిళ్ళు మాత్రం ఏడాదిగా సొంత కామిక్ ఒకటి నడుస్తోంది. 32 పేజీలు, బ్లాక్ అండ్ వైట్, తెలుగులో. కథ ఇంతే: ఒక పెద్ద నాయకుడు కాన్వాయ్‌లో కునుకు తీస్తాడు. కళ్ళు తెరిచేసరికి దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌లో ఉంటాడు. ఎవరూ గుర్తుపట్టరు. సిటీ బస్సులో సెక్రటేరియట్‌కి చేరాలి. జేబులో చిల్లర లేదు. చుట్టూ ఆడవాళ్ళందరి చేతుల్లో జీరో టికెట్లు. ఆయన ఎవరన్నది నేనెక్కడా రాయలేదు గానీ మొదటి పేజీలోనే మీకు తెలిసిపోతుంది. ఆ మీసం, ఆ కండువా, వేలు ఆడిస్తూ మాట్లాడే తీరు.

మొన్న ప్రింటింగ్‌కి తీసుకెళ్ళాను. ప్రెస్ పేరు వద్దులెండి. ఓనర్ రెండు పేజీలు నవ్వుకుంటూ తిప్పాడు. మూడో పేజీలో కండక్టర్ "చిల్లర లేకుంటే దిగు పెద్దాయనా" అని అరిచే బొమ్మ ఉంది. అక్కడ ఆగిపోయాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, తలుపు వైపు ఒకసారి చూసి, "భయ్యా, బొమ్మ మస్తుంది. ఈ మీసం తీసెయ్, రేపే మిషన్ ఎక్కిస్తా" అన్నాడు.

తీసేయాలా? వేరే దేశాల్లో నిజం నాయకుల్ని కామిక్స్‌లో ఎలా నెట్టుకొచ్చారు? మన దగ్గర పేపర్లలో రోజూ కార్టూన్లు వస్తాయి కదా, పుస్తకం అనేసరికి ఎందుకు వణుకు? తెలిసినవాళ్ళు చెప్పండి.

కూకట్‌పల్లి కుర్రాడు | 9:52

తీసెయ్ అన్నా. మీసం మళ్ళీ వస్తుంది, మిషన్ డేట్ రాదు.

అబిడ్స్ ఆదివారం | 10:15

గిరి గారూ, పైవాడి మాట వినకండి.

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకోవడం నాకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఒక ఆదివారం 'ఒబెలిక్స్ అండ్ కో' దొరికింది. ఆస్టెరిక్స్ అనే ఫ్రెంచి కామిక్స్ వరసలోది. అట్ట సగం లేదు. లోపల ఏ పిల్లాడో రోమన్ సైనికులందరికీ ఎర్ర పెన్సిల్‌తో బొట్లు పెట్టాడు. అరవై రూపాయలకు ఇచ్చాడు.

అందులో కథేమిటంటే, రోమ్‌కు లొంగని ఒబెలిక్స్ వాళ్ళ మొండి పల్లెను సీజర్ యుద్ధంలో గెలవలేకపోతాడు. అప్పుడు కొత్తగా చదువు ముగించుకొచ్చిన ఒక కుర్ర అధికారి లేచి "కత్తులెందుకు, డబ్బుతో పడగొడదాం" అంటాడు. ఒబెలిక్స్ చెక్కే బండరాళ్ళను కొంటూ, రోజురోజుకీ రేటు పెంచుతూ పోతాడు. ఊరు ఊరంతా అన్నీ వదిలేసి రాళ్ళు చెక్కడం మొదలుపెడుతుంది. చివరికి రోమ్‌లో కొనేవాడు లేక ఖజానా మునుగుతుంది. ఆ కుర్రాడి ముఖం అచ్చంగా జాక్ షిరాక్‌ది. పుస్తకం వచ్చింది 1976లో. 1974 నుంచి ఆ ఏడాది దాకా ఫ్రాన్స్ ప్రధాని ఆయనే. రాసిన గొసినీ గానీ గీసిన ఉడెర్జో గానీ పేరు ఎక్కడా పెట్టలేదు. పాత్ర పేరు ఫ్రెంచిలో సోగ్రెనస్, మనకొచ్చే ఇంగ్లీషులో ప్రిపోస్టరస్.

నేను చదివినప్పుడు షిరాక్ ఎవరో నాకు తెలియదు. అయినా పడీపడీ నవ్వాను. ఒబెలిక్స్ సూటూబూటు తరహాలో మెరిసే బట్టలేసుకుని, వ్యాపారం మాటలు ముక్కలు ముక్కలుగా వల్లించే బొమ్మ ఇప్పటికీ కళ్ళలో ఉంది. ముఖం సంగతి పదేళ్ళ తర్వాత తెలిసింది. పులిహోరలో జీడిపప్పు తగిలినట్టయింది, అంతే. పులిహోర అప్పటికే బాగుంది.

మీ మీసాన్ని కూడా అలా చూసుకోండి. మన నాయకుడు ఎవరో తెలియని అనంతపురం పిల్లాడికి మూడో పేజీ ఇచ్చి చూడండి. నవ్వితే మీసం ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు.

గీతల గిరి | 10:31

అనంతపురంలో మా పిన్ని కొడుకు ఉన్నాడు. నిజంగానే పంపిస్తాను.

సైదాబాద్ ప్లీడర్ | 10:58

మీ ప్రింటర్‌ని తిట్టకండి. ఆయన వకీలు కాకపోయినా లెక్క సరిగ్గానే వేశాడు.

పరువు నష్టం అన్నది పాత ఐపీసీలో 499, 500 సెక్షన్లు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356. మాట, రాతతో పాటు కంటికి కనిపించే బొమ్మ కూడా అందులోకే వస్తుంది. శిక్ష రెండేళ్ళ దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇప్పుడు సమాజ సేవ కూడా వేయొచ్చు. చాలామందికి తెలియని ముక్క ఇంకొకటుంది. పరువు తీసేదని తెలిసి, లేదా తెలియడానికి తగిన కారణం ఉండీ, అచ్చు వేసినవాడికి విడిగా ఒక క్లాజు ఉంది. శిక్ష అంతే. గీసింది నేను కాదు, మిషన్ మాత్రమే నాది అంటే కుదరదు. అందుకే ఆయన తలుపు వైపు చూశాడు.

పేరు మార్చితే చాలదు. చూసినవాళ్ళు ఫలానా ఆయనే అని గుర్తుపడితే, పేరు ఏది పెట్టినా ఒకటే. అసలు చూడాల్సింది మీరు చెప్పేది ఏమిటని. బస్సులో చిల్లర లేక నిలబడ్డాడు అంటే అది కల్పన అని చిన్నపిల్లాడికీ తెలుసు. అదే నాయకుడు ఫలానా కాంట్రాక్టర్ దగ్గర సంచి తీసుకున్నట్టు గీస్తే, అది బొమ్మ వేషం వేసుకున్న ఆరోపణ. మొదటిదానికి నేను మీ తరఫున వస్తాను. రెండోదానికి ఫీజు ముందే అడుగుతాను.

గీతల గిరి | 11:04

సార్, 19వ పేజీలో ఒక సంచి ఉంది.

సైదాబాద్ ప్లీడర్ | 11:06

అందులో ఏముంది?

గీతల గిరి | 11:07

ఉల్లిపాయలు. నిజంగా. బస్సులో ఒకావిడ "జర పట్టుకో అన్నా" అని ఆయన ఒళ్ళో పెడుతుంది.

సైదాబాద్ ప్లీడర్ | 11:09

ఒక ఉల్లిపాయ బయటకు కనిపించేలా గీయండి.

జై తెలంగాణ 69 | 11:20

మీ అందరికీ ఒకే నాయకుడు కనిపిస్తాడు నవ్వడానికి. మిగతా పార్టీలవాళ్ళకు మీసాల్లేవా? ధైర్యముంటే వాళ్ళను గీయండి చూద్దాం. ఇదంతా ఎవరు డబ్బులిచ్చి చేయిస్తున్నారో మాకు తెలుసు.

కూకట్‌పల్లి కుర్రాడు | 11:24

అన్నా, ఏ నాయకుడో ఆయన చెప్పనే లేదు. నీకెట్ల తెలిసింది?

జై తెలంగాణ 69 | 11:26

తెలుస్తది.

మోడరేటర్ | 11:40

పార్టీల పేర్లతో కొట్లాట మొదలైతే ఈ థ్రెడ్ తాళం వేస్తాను. కామిక్స్ గురించి ఎంతైనా మాట్లాడుకోండి.

నల్లకుంట నాగమణి | సోమవారం ఉదయం 6:12

ఒక తెలుగు దినపత్రిక డెస్కులో ఇరవై ఆరేళ్ళు చేసి రిటైరయ్యాను. పొద్దున్నే లేచే అలవాటు పోలేదు కాబట్టి ఇప్పుడు చదివాను.

గిరీ, పేపర్ కార్టూన్‌కీ పుస్తకానికీ తేడా అడిగావు. పేపర్ కార్టూన్ ఒక్క పూట బతుకు. సాయంత్రానికి దాంట్లో మిర్చి బజ్జీ కడతారు. కోపం వచ్చిన నాయకుడు ఎడిటర్‌కి ఫోన్ చేసేలోగా తర్వాతి ఎడిషన్ బొమ్మ రెడీ అయిపోతుంది. మా ఆఫీసులో కార్టూనిస్టు ఐదింటికి మూడు ఐడియాలు చీటీల మీద గీసి తెచ్చేవాడు. పెద్దాయన ఒకటి ఉంచి రెండు చించేవాడు. చించినవే బాగుండేవి. ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు, సబ్ ఎడిటర్లమంతా చెత్తబుట్టలోంచి ఏరి దాచుకునేవాళ్ళం.

చదువరికి రోజూ కనిపించే ముఖం కాబట్టి పాకెట్ కార్టూన్‌లో రెండు గీతలు చాలు. 'ఇది సంగతి'లో శ్రీధర్ ఎంతమంది ముఖ్యమంత్రుల్ని గీశారో! జనం ఆ గీతల్లోనే వాళ్ళను గుర్తుపెట్టుకున్నారు. కార్టూనిస్టు మోహన్ గారు 2017లో పోయారు, ఆయన దగ్గర కూర్చుని గీత నేర్చుకున్నవాళ్ళు హైదరాబాద్ పత్రికల నిండా ఉన్నారు. పామర్తి శంకర్ గీసిన మండేలా క్యారికేచర్‌కి 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రీ వచ్చింది. ఇంత గీత ఉన్న ఊరు ఇది. చెయ్యి లేక కాదమ్మా పుస్తకం రాలేదు.

పుస్తకంలో నాయకుడు 32 పేజీలు బతకాలి. కూర్చోవాలి, నడవాలి, చెమట పట్టాలి, ఆకలి వేయాలి. అప్పుడు చదివేవాడికి అతని మీద కాస్త జాలి కూడా పుడుతుంది. నాయకులకు అదే నచ్చదని నా అనుమానం. తిట్టినా సరే పెద్దగా కనిపించాలి వాళ్ళకు. చిల్లర కోసం తడుముకునే మనిషిగా కనిపించకూడదు.

ఢిల్లీ కార్టూనిస్టు శంకర్ పిళ్ళైతో నెహ్రూ "నన్నూ వదలొద్దు శంకర్" అన్నాడని మనం గొప్పగా చెప్పుకుంటాం. 1948లో మొదలైన ఆయన పత్రిక శంకర్స్ వీక్లీనే 1975లో ఎమర్జెన్సీ రోజుల్లో మూతపడింది. అదే ఏడాది డిసెంబర్‌లో అబూ అబ్రహాం, రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చుని ఆర్డినెన్స్ మీద సంతకం పెడుతున్నట్టు గీశాడు. ఇంకా ఉంటే కాస్త ఆగమను అంటాడు ఆయన. సెన్సార్ ఉన్న రోజుల్లో అది అచ్చయింది! ఎలా దాటిందో అని మా డెస్కులో పాతవాళ్ళు చాలాకాలం చెప్పుకునేవాళ్ళు.

అబిడ్స్ ఆదివారం | 7:05

మేడమ్, ఎమర్జెన్సీ మీద పుస్తకమే ఉంది. విశ్వజ్యోతి ఘోష్ 'ఢిల్లీ కామ్', 2010. ఇందిర పేరు ఉండదు, 'మూన్' అని ఉంటుంది. రంగు కూడా పాత ఫొటోల గోధుమ రంగే. అంటే మన దేశంలో అసలు లేదనలేం, తెలుగులో లేదు.

మల్కాజిగిరి మాస్టారు | 7:48

గిరి బాబూ, నీకొక చెడ్డవార్త. నీ కథ ఇదివరకే వచ్చేసింది.

ఆఫ్రికాలో ఈక్వటోరియల్ గినీ అని చిన్న దేశం. ఒబియాంగ్ అనే ఆయన 1979 నుంచి గద్దె మీదే ఉన్నాడు. రామోన్ ఎసోనో ఎబాలే అనే కార్టూనిస్టు 'ఒబీ పీడకల' అని కామిక్ పుస్తకం గీశాడు. ఆ అధ్యక్షుడు ఒక పొద్దున లేచేసరికి తన దేశంలోనే మామూలు పౌరుడైపోయి ఉంటాడు. తను పాలించిన ఊళ్ళో తనే బతకాలి.

ఎబాలే అప్పటికి విదేశంలో ఉండేవాడు. 2017 సెప్టెంబర్‌లో పాస్‌పోర్టు పని మీద స్వదేశం వెళ్తే పట్టుకుని లోపలేశారు. కార్టూన్ వేశాడని కాదు, దొంగనోట్లు మార్చాడని! కోర్టులో విచారణకు వచ్చేసరికి సాక్షిగా నిలబడ్డ పోలీసే, పైవాళ్ళు చెప్పమంటే చెప్పానని ఒప్పుకున్నాడు. 2018 మార్చిలో వదిలారు. ఆర్నెల్లు జైల్లో ఉన్నాడు.

గీతల గిరి | 8:30

మాస్టారూ! పొద్దున్నే గుండెల్లో రాయి వేశారు. ఒట్టు, నాకు దాని గురించి తెలియదు. ఏడాది గీశాను. ఇప్పుడు కాపీ అంటారా?

మల్కాజిగిరి మాస్టారు | 8:41

ఎందుకంటారు? రాజు మారువేషంలో ఊళ్ళో తిరిగే కథ మీ తాతగారు కూడా చెప్పుంటారు. నీదల్లా ఆ బస్సు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి సెక్రటేరియట్‌కి వెళ్ళే బస్సు మలక్‌పేట దగ్గర ఎంతసేపు ఆగుతుందో అతనికేం తెలుసు?

చైతన్యపురి సీను | 9:15

కెప్టెన్ అమెరికా మొదటి సంచిక కవర్ మీదే హిట్లర్ దవడ పగలగొట్టాడు. 1941. మనోళ్ళకే భయం.

అబిడ్స్ ఆదివారం | 9:33

పరాయి దేశం వాణ్ని గుద్దడం వేరు తమ్ముడూ. అయితే నువ్వు చెప్పినది కూడా అంత తేలిగ్గా జరగలేదు. అప్పటికి అమెరికా యుద్ధంలో దిగలేదు. న్యూయార్క్‌లోనే హిట్లర్ అభిమానులు ఉండేవాళ్ళు. గీసిన సైమన్, కర్బీలకు బెదిరింపులు వస్తే మేయర్ పోలీసుల్ని కాపలా పెట్టించాడు.

సొంత నాయకుల సంగతికొస్తే మలేషియాలో జునార్ అని ఉన్నాడు. అప్పటి ప్రధాని నజీబ్ మీద, ఆయన భార్య వేలికి పెద్ద ఉంగరం తగిలించి, కార్టూన్ పుస్తకాలే వేశాడు. పుస్తకాలు నిషేధించారు. ప్రెస్సుల మీద, షాపుల మీద దాడులు చేశారు. అక్కడా ముందు బెదిరింది ప్రింటర్లే గిరి గారూ! 2015లో ఆయన మీద రాజద్రోహం కింద తొమ్మిది అభియోగాలు పెట్టారు. 2018లో ప్రభుత్వం మారాక ఎత్తేశారు.

బాగ్‌లింగంపల్లి భీమ్ | మధ్యాహ్నం 1:20

అందరూ కార్టూనిస్టు వైపు నుంచే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. తిట్టుకోండి, ఫర్వాలేదు.

1949లో శంకర్ పిళ్ళై గీసిన కార్టూన్ ఒకటి ఉంది. రాజ్యాంగం నత్త మీద అంబేడ్కర్ కూర్చుని కొరడా పట్టుకుని ఉంటారు. వెనకాల నెహ్రూ కూడా కొరడా ఎత్తి ఉంటాడు. రాజ్యాంగం రాయడం ఆలస్యమవుతోందని జోకు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో దాన్ని వేశారు. 2012 మేలో పార్లమెంటులో గొడవైంది. పుస్తకం సలహాదారులిద్దరు రాజీనామా చేశారు. అప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. మా హాస్టల్లో ఇదే వాదన రెండు రాత్రులు నడిచింది.

నా స్నేహితుడు ఒకడు, కార్టూన్లంటే పిచ్చి ఉన్నవాడు, "రేయ్ కొరడా నత్త కోసంరా" అని గీసి మరీ చెప్పాడు. కావచ్చు. వాడికి నత్త కనిపించింది. మాకు నెహ్రూ చేతిలో కొరడా, దాని ముందు బాబాసాహెబ్ వీపు కనిపించాయి. గీసినవాడి మనసులో ఏముందన్నది ఒకటి, అరవై ఏళ్ళ తర్వాత క్లాసులో ఒక్కడే దళిత పిల్లాడు ఉండి మిగతావాళ్ళు నవ్వుతుంటే ఆ బొమ్మ ఏమవుతుందన్నది ఇంకొకటి. నిషేధించాలని నేనప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. కానీ నవ్వురాకపోవడం కూడా నా హక్కే.

గిరన్నా, మీ నాయకుడి మీసం సరే. ఆయన రంగు, యాస, కులం గుర్తుచేసేదేమైనా గీతలో దొర్లిందేమో చూసుకోండి. మీసం ఆయన పెంచుకున్నాడు. రంగు పెంచుకోలేదు.

నల్లకుంట నాగమణి | 2:02

భీమ్, మంచి మాట. ఆడవాళ్ళ సంగతి కూడా కలుపుకో. మగ నాయకుడికి కుర్చీ, సంచి, మైకు గీస్తారు. ఆడ మంత్రి రాగానే చీర, నగలు, నడుము గీస్తారు. చెత్తబుట్టలోకి పోయినవన్నీ బాగుండేవి అన్నాను కదా, అవి తప్ప.

గీతల గిరి | 2:40

భీమన్నా, ఇప్పుడే మళ్ళీ చూశాను. యాస ఉంది. 8వ పేజీలో ఆయన మాటకు ముందు "ఏందిరా బై" అని పెట్టాను, అది ఆయన ఊతపదం. కానీ ఆ పేజీలో నవ్వు అంతా యాస మీదే వస్తోంది. తీసేస్తున్నాను. నేను పుట్టింది సూర్యాపేటలో, నా యాస మీద నేనే నవ్వుకోవడం ఏంటో!

బాగ్‌లింగంపల్లి భీమ్ | 2:55

బస్సులో అందరూ అదే యాస మాట్లాడితే ఉంచండి. ఒక్కడే మాట్లాడితే తీసేయండి.

దోమల్‌గూడ దొరబాబు | 4:10

మా తాత తూర్పుగోదావరిలో తోలుబొమ్మలాట బృందంతో తిరిగినవాడు. రామాయణం నడుస్తుండగా మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టు పోలిగాడు దూరేవాళ్ళు. రావణుడు ఒక పక్క గర్జిస్తుంటే వీళ్ళు ఊరి కరణం లంచాల గురించి బూతులతో సహా ఏకేసేవాళ్ళు. కరణం ముందు వరసలోనే కూర్చుని ఉండేవాడట. లేచి వెళ్తే తనే అని ఒప్పుకున్నట్టు. కూర్చుంటే తిట్లు. బుర్రకథలో అయితే ఏకంగా కథకుడికి అటూ ఇటూ ఒక హాస్యం, ఒక రాజకీయం అని రెండు వంతలు. అంటే మనకు ఇది కొత్తదేం కాదు. కాగితం మీదకే రాలేదు.

తర్వాత ఆ పని సినిమా తీసుకుంది. 1987లో 'మండలాధీశుడు'లో కోట శ్రీనివాసరావు ఎన్టీఆర్‌ను పోలిన వేషం వేశారు, ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగానే. ఆ వేషం వేసినందుకు అభిమానుల చేతిలో దెబ్బలు తిన్నానని కోటే తర్వాత చెప్పుకున్నారు.

అబిడ్స్ ఆదివారం | 4:35

కామిక్ అంటే పిల్లలదన్న ముద్ర కూడా ఉంది కదా. చందమామ, బుజ్జాయి గారి డుంబు, అమర చిత్ర కథ. నాయకులు కామిక్స్‌లో రాలేదని కాదు, వచ్చినవాళ్ళంతా మహనీయులుగా వచ్చారు. 2014 ఎన్నికల ముందు 'బాల్ నరేంద్ర' వచ్చింది, చిన్నప్పుడు మోదీ మొసళ్ళున్న చెరువులో ఈదాడని. పొగడటానికి పేరు, ముఖం, ఊరు అన్నీ అసలువే వాడుకోవచ్చు. నవ్వడానికే మీసం తీయాలి.

జై తెలంగాణ 69 | 5:00

ఆ మాట మాత్రం కరెక్టే.

సైదాబాద్ ప్లీడర్ | 9:20

కోర్టు నుంచి ఇప్పుడే వచ్చాను. మీసం తీస్తే గండం గడుస్తుందనుకునేవాళ్ళకు ఒక కేసు చెప్తాను.

1987. మద్రాసులో ఆనంద వికటన్ పత్రిక అట్ట మీద జోకు వేసింది. వేదిక మీద ఇద్దరు. జేబుదొంగలా ఉన్నవాడు ఎమ్మెల్యే, ముసుగు దొంగలా ఉన్నవాడు మంత్రి. పేరు లేదు, ఎవరి పోలికా లేదు. తమిళనాడు అసెంబ్లీ తన హక్కులకు భంగం కలిగిందని సంపాదకుడు బాలసుబ్రమణియన్‌కు మూడు నెలల జైలు వేసింది. దేశమంతా గగ్గోలు పెడితే రెండు మూడు రోజుల్లో వదిలారు. తర్వాత హైకోర్టు అది తప్పని, వెయ్యి రూపాయల పరిహారం ఇప్పించింది. ఆయన దాన్ని ఫ్రేమ్ కట్టించుకున్నారు.

చూశారా, ఒక్కడి ముఖం గీసి ఉంటే ఆ ఒక్కడికే కోపం వచ్చేది. ఎవరిదీ గీయకపోయేసరికి సభ మొత్తానికి వచ్చింది.

మల్కాజిగిరి మాస్టారు | 9:38

ఇంకా పాతది. ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్‌ను పియర్ పండులా గీశారని 1831లో ఫిలిపాన్ అనే పత్రికాయన మీద కేసు. ఆయన కోర్టులోనే నాలుగు బొమ్మలు గీశాడు. మొదటిది రాజు ముఖం. రెండోది కాస్త కిందకి జారింది. మూడోది ఇంకాస్త. నాలుగోది ఉత్త పండు. "ఇందులో ఏ బొమ్మ దగ్గర నేరం మొదలైందో చెప్పండి, పండు రాజులా ఉంటే నా తప్పా?" అన్న ధోరణిలో వాదించాడు. శిక్ష తప్పలేదు. కానీ పారిస్ గోడల నిండా పియర్ పళ్ళు వెలిశాయి. మరుసటి ఏడాది అదే రాజును తిండిపోతు రాక్షసుడిగా గీసిన దోమియేకి ఆర్నెల్ల జైలు.

కూకట్‌పల్లి కుర్రాడు | 9:44

మన దగ్గరైతే సీతాఫలం అన్నా. సీజన్లో బండి బండికీ నాయకుడే.

నల్లకుంట నాగమణి | 10:05

గిరీ, నీ ప్రశ్నకు ఒక దారి తోస్తోంది. ముఖమే గీయకు.

అమెరికాలో కార్టూనిస్టు గ్యారీ ట్రూడో తన స్ట్రిప్ 'డూన్స్‌బరీ'లో అధ్యక్షుడు జూనియర్ బుష్ ముఖం గీయనే లేదు. ఒక కౌబాయ్ టోపీ, దాని కింద నక్షత్రం గుర్తు. మాటలు అక్కడినుంచి వచ్చేవి. అంతకుముందు ఉపాధ్యక్షుడు క్వేల్‌ను గాలిలో తేలే ఈకగా వేశాడు. ఇంకా ముందు, 1950ల్లో, 'పోగో' అనే స్ట్రిప్‌లో వాల్ట్ కెల్లీ, కమ్యూనిస్టుల వేట సాగించిన సెనేటర్ మెకార్తీ పోలికతో ఒక అడవిపిల్లిని పెట్టాడు. ఆ ముఖం మళ్ళీ కనిపిస్తే స్ట్రిప్ తీసేస్తామని ఒక పేపర్ వాళ్ళన్నారు. కెల్లీ ఆ పిల్లి తలకు సంచి తొడిగాడు. ముఖం కనిపించలేదు, ఒప్పందం ప్రకారమే!

నీ నాయకుడి కండువా, వెనకనుంచి మెడ, ఆడించే ఆ వేలు. అంతే గీసి చూడు. కెమెరా ఎప్పుడూ ఆయన భుజం వెనక. మనం ఆయన చూసేది చూస్తాం. ఆయన్ని చూడం.

గీతల గిరి | 10:12

మేడమ్... 32 పేజీలు మళ్ళీ గీయాలా?

నల్లకుంట నాగమణి | 10:14

మూడో పేజీ గీయి ముందు.

గీతల గిరి | శనివారం రాత్రి 11:30

ఆలస్యానికి సారీ. ఆఫీసులో ఎలుగుబంటికి డెడ్‌లైన్.

మూడో పేజీ మళ్ళీ గీశాను. ఇప్పుడు పేజీ సగం కండక్టరే. చంకలో టికెట్ మిషన్, నుదుటి మీద చెమట, నోరు తెరిచి ఉంది. కింద మూలలో మాత్రం కండువా కొస, చాచిన అరచెయ్యి. అరచేతిలో ఏమీ లేదు. ఇంతకుముందు ఆ పేజీలో నాయకుడు నవ్వించేవాడు, ఇప్పుడు కండక్టర్ భయపెడుతున్నాడు. అది మంచిదో కాదో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. పాత పేజీయే బాగుందని మా ఆవిడ అంది.

అనంతపురం తమ్ముడికి పాతదీ కొత్తదీ రెండూ పంపాను. పాతది చూసి "ఎవరీయన?" అన్నాడు. కొత్తది చూసి నవ్వాడు, "వీడు మా ఊరి బస్సు కండక్టర్ లాగే ఉన్నాడు" అని. నాయకుణ్ని పట్టించుకోనేలేదు.

ఇవాళ ప్రెస్‌కి మళ్ళీ వెళ్ళాను. ఓనర్ చూశాడు, మీసం కోసం వెతికాడు, లేదు. "గిప్పుడు ఓకే" అన్నాడు. పక్కన మిషన్ దగ్గరున్న పెద్దాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగి చూసి, "ఇది మా ఎమ్మెల్యే కదా?" అన్నాడు. కట్టింగ్ దగ్గర కుర్రాడు "కాదు, పోయినసారి మంత్రి" అన్నాడు. ఇద్దరూ చెప్పింది వేర్వేరు పార్టీలవాళ్ళను. నేను గీసినాయన వాళ్ళిద్దరిలో ఎవరూ కాదు.

ఓనర్ మళ్ళీ టీ గ్లాసు పక్కన పెట్టాడు.

సైదాబాద్ ప్లీడర్ | 11:41

హ్హహ్హ. ముగ్గురు పార్టీలు అయ్యారు కేసులో. తర్వాత?

గీతల గిరి | 11:45

వేస్తానన్నాడు. 300 కాపీలు. కానీ డబ్బు మొత్తం అడ్వాన్స్ ఇమ్మన్నాడు, అట్ట మీద ప్రెస్ పేరు వద్దన్నాడు.

జై తెలంగాణ 69 | 11:52

ఒక కాపీ నాకు పెట్టండి. ఎవరో నేను చెప్తా.

దోమల్‌గూడ దొరబాబు | 11:58

డిసెంబర్ బుక్ ఫెయిర్‌లో దొరుకుతుందా? స్టాల్ నంబర్ ఎంత?

గీతల గిరి | ఆదివారం 12:03

స్టాల్ ఎక్కడ సార్, అంత డబ్బు లేదు. భుజానికి సంచి వేసుకుని గేటు బయట జామకాయల బండి పక్కన ఉంటాను.

కూకట్‌పల్లి కుర్రాడు | 12:04

సంచిలోంచి ఒక ఉల్లిపాయ కనిపించేలా పెట్టుకో అన్నా.